కొండల్లో డ్రోన్ ఎగరేయాలంటే బస ఎక్కడ తీసుకోవాలి?

కొండ ప్రాంతాలకు వెళ్లేటప్పుడు చాలామంది కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూసి గది తీసుకుంటారు. బ్యాగులో డ్రోన్ ఉంటే మాత్రం ఆ గది ఏ ఎత్తులో ఉందో ముందు చూడాలి. ఈ యాత్రలో మేము ఏటి ఒడ్డున, కొండవాలు మధ్యలో, కొండ పైనున్న గట్టు మీద బస చేశాం. సౌకర్యాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. డ్రోన్ ఎగరేయడంలో మాత్రం చాలా తేడా కనిపించింది.

కంట్రోలర్ తెర మీద కనిపించే ఎత్తు డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కొలిచింది కాదు, టేకాఫ్ అయిన చోటు నుంచి కొలిచింది. గాలి పీడనంలో తేడాను బట్టి బ్యారోమీటర్ ఆ లెక్క కడుతుంది. చట్టం అడిగేది మాత్రం నేల నుంచి ఎత్తు. అమెరికా, యూరప్, ఇండియాలలో మామూలుగా వర్తించే పరిమితి 400 అడుగులు, అంటే సుమారు 120 మీటర్లు. మైదానంలో ఈ రెండు లెక్కలూ కలుస్తాయి. కొండల్లో కలవవు. వాలు వెంబడి పైకి వెళ్తుంటే తెర మీద 300 మీటర్లు కనిపిస్తున్నా, కింద చెట్లు 60 మీటర్ల దూరంలోనే ఉండొచ్చు. గట్టు మీద నుంచి లోయ మీదికి నేరుగా పంపితే తెర మీద 20 ఉంటుంది, కింద నేల 500 మీటర్ల లోతున ఉంటుంది. మొదటిది నిబంధనకు లోబడే ఉంది. రెండోది దాటేసింది. యూరప్ నిబంధనలో ఎత్తును భూమి మీద అతి దగ్గరి బిందువు నుంచి కొలుస్తారు కాబట్టి, అక్కడ కొండ అంచుకు 120 మీటర్లలోపు ఉన్నంతవరకు ఫర్వాలేదు. నేరుగా కింద ఉన్న నేల నుంచే కొలిచే దేశాల్లో ఆ వెసులుబాటు లేదు.

ఏటి ఒడ్డు బస చూడటానికి బాగుంటుంది, డ్రోన్‌కు బాగుండదు. డీజేఐ కంపెనీ డ్రోన్లలో చాలావాటికి యాప్‌లో పెట్టుకోగల గరిష్ఠ ఎత్తు టేకాఫ్ చోటు నుంచి 500 మీటర్లు. మా గది ముందు నుంచి లేపితే ఎదురుగా ఉన్న గట్టు ఆ పరిమితికి అందనే అందదు. నేలకు 80 మీటర్ల దూరంలోనే ఉండి, నిబంధన పాటిస్తూ వాలెక్కుతున్నా సరే, 500 దగ్గర ఆగిపోవాల్సిందే. యూరప్‌లో సీ0 తరగతి ముద్రతో వచ్చే చిన్న డ్రోన్లయితే టేకాఫ్ చోటు నుంచి 120 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. వాటితో లోయలోంచి వాలెక్కడం కుదరదు. పైగా ఇరుకు లోయలో ఆకాశం కొంచెమే కనిపిస్తుంది కాబట్టి జీపీఎస్‌కు ఉపగ్రహాలు తక్కువగా దొరుకుతాయి, హోమ్ పాయింట్ (డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు) నమోదు కావడానికి సమయం పడుతుంది. ఆపదలో ఉన్నవారిని కాపాడే హెలికాప్టర్లు కూడా లోయల వెంటే తక్కువ ఎత్తులో వస్తాయి. ఆ శబ్దం వినిపిస్తే మారు ఆలోచన లేకుండా డ్రోన్ దింపేయాలి.

గట్టు మీది బస నుంచి దృశ్యాలు అద్భుతం. నాకు అక్కడే టెన్షన్ ఎక్కువ. తిరుగు ప్రయాణమంతా ఎక్కుడే కావడం దానికి కారణం. బ్యాటరీ సగానికి వచ్చాక, చల్లగాలిలో, 200 మీటర్లు పైకి లాగడం మోటార్లకు పెద్ద పని. సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత కింద ఉన్నదానిలో మూడింట రెండొంతులే. అదే బరువును మోయడానికి రెక్కలు ఇంకా వేగంగా తిరగాలి. అందుకే తయారీదారు చెప్పే గరిష్ఠ టేకాఫ్ ఎత్తు గది బుక్ చేసే ముందే చూసుకోవాలి. డీజేఐ మోడళ్లలో మినీ 4 ప్రోకు అది 4,000 మీటర్లు, మావిక్ 3కి 6,000. గట్టుకు గాలి తగలని పక్క ప్రశాంతంగా కనిపించినా, శిఖరం దాటిన గాలి అక్కడ సుడులు తిరుగుతూ కిందికి నొక్కుతుంది. ఆ వైపు డ్రోన్ పంపకపోవడమే మంచిది.

నా ఓటు వాలు మధ్యలో ఉన్న గెస్ట్‌హౌస్‌కే. ముందు చదునైన జాగా, తలపైన ఖాళీ ఆకాశం, గట్టు వరకు 300 మీటర్ల ఎక్కుడు, ఏటి వరకు దాదాపు అంతే దిగుడు. పైకి వెళ్తే యాప్ పరిమితి అడ్డు రాదు, తిరిగి వచ్చేటప్పుడు దిగుడే. దిగడానికీ సమయం కేటాయించాలి: సెకనుకు 5 మీటర్ల చొప్పున 300 మీటర్లకు పూర్తిగా ఒక నిమిషం. రిటర్న్ టు హోమ్ ఎత్తు, అంటే డ్రోన్ తనంతట తానే వెనక్కి వచ్చేటప్పుడు ఎగిరే ఎత్తు కూడా టేకాఫ్ చోటు నుంచే లెక్క కాబట్టి, దారిలో ఉన్న అతి ఎత్తైన కొనకు ఇంకో 40, 50 మీటర్లు కలిపి పెట్టుకున్నాం. ఎప్పుడో పెట్టిన 100 అలాగే ఉంచేస్తే, సిగ్నల్ పోయిన డ్రోన్ నేరుగా కొండలోకి వెళ్లే ప్రమాదం ఉంది. సిగ్నల్ పోవడం కొండల్లో మామూలే, మలుపు తిరిగితే చాలు. అందుకే గట్టు అవతలికి అసలు పంపలేదు.

సేవల్లో నేను డబ్బు పెట్టమనేది స్థానిక గైడ్‌కు. ఎండెక్కాక వాలు వేడెక్కి గాలి పైకి పాకుతుందని, సాయంత్రం చల్లబడి కిందికి జారుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఏ మలుపు దగ్గర అది ఎంత జోరుగా వీస్తుందో గైడ్‌కే తెలుసు. మమ్మల్ని సూర్యోదయం కాగానే బయల్దేరదీసి, గాలి లేవకముందే పని ముగించమన్నాడు. పారాగ్లైడర్లు ఎక్కడి నుంచి దూకుతారో, గద్దలు ఏ కొన దగ్గర గూడు కట్టాయో కూడా అతనే చూపించాడు. ఆ రెండు చోట్లకూ మేము వెళ్లలేదు.

కారు, డ్రైవర్‌ను మాట్లాడుకునేటప్పుడు అడిగిన చోటల్లా ఆపుతారా అని ముందే తేల్చుకోవాలి. ఎందుకంటే పొడవైన వాలును ఒకే చోటు నుంచి తీయడం కన్నా, దారి పొడుగునా ఆగుతూ ప్రతి చోటా కొత్తగా టేకాఫ్ చేస్తే తెర మీది అంకె నేలకు దగ్గరగా ఉంటుంది. మాకు దొరికిన డ్రైవర్ ఓపికగా ఆగాడు. కారులో బ్యాటరీలను వెచ్చగా ఉంచుకోవడానికీ వీలైంది. నేల ఎత్తుపల్లాలను గీతలతో చూపే కాంటూర్ మ్యాప్ మాత్రం గదిలో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి, పైన నెట్‌వర్క్ ఉండదు.