ఈకలతో ఆడ, మగ తేల్చే డీఎన్‌ఏ పరీక్ష: దేనికి డబ్బు కట్టవచ్చు, దేనికి అనవసరం

అమలాపురం, రామచంద్రపురం ప్రాంతాలలో ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్ పెంచేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు, ఏది మగదో ఏది ఆడదో కంటికి తెలియకపోవడమే. రెండు ఆడపక్షులను జంట అనుకొని ఒకే పంజరంలో పెడితే, అవి గూడు సర్దుకొని గుడ్లు కూడా పెడతాయి. ఎన్ని వారాలు పొదిగినా పిల్ల మాత్రం రాదు. ఈ ఇబ్బంది తీరాలని, రాజమహేంద్రవరంలోని ఒక పక్షుల దుకాణం ద్వారా నమూనాలు తీసుకొని వేరే ఊరి ప్రయోగశాలకు పంపే ఈకల పరీక్షను నేను వాడాను. సేవ మీద నాకు మొత్తంమీద మంచి అభిప్రాయమే ఉంది. అయితే వారు అదనపు రుసుముతో ఇచ్చే ‘జాతి శుద్ధత’ ధ్రువపత్రం విషయంలో కొనేవారు జాగ్రత్తపడాలి.

బడ్జీలనే చిన్న చిలుకలను పెంచేవారికి ఈ ఖర్చు అవసరం లేదు. ముదురు వయసు వచ్చిన బడ్జీలలో ముక్కు పైభాగం సాధారణంగా మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమరంగులో ఉంటుంది కనుక చాలావరకు చూసి చెప్పవచ్చు. లవ్‌బర్డ్స్, కాన్యూర్ చిలుకలు వంటివాటికే పరీక్ష కావాలి.

ఛాతీ దగ్గరి ఈకలు నాలుగైదు పీకి పంపమంటారు. నేలరాలిన ఈకలు పనికిరావు. ఈక మొదట్లో అంటుకొని వచ్చే కణాలలోనే పరీక్షకు చాలినంత డీఎన్‌ఏ ఉంటుంది. వారిచ్చే సూచనల కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉండడం ఒక లోపమైతే, మన డెల్టా వాతావరణానికి అన్నిటికంటే ముఖ్యమైన మాట అందులో లేకపోవడం అంతకన్నా పెద్ద లోపం: ముసురు రోజులలో ఈకలను ప్లాస్టిక్ సంచిలో మూసి పంపితే లోపలి తేమకు బూజుపట్టి డీఎన్‌ఏ చెడిపోతుంది. వాటిని నీడన ఆరబెట్టి, కాగితం కవరులో, ఒక్కో పక్షికి ఒక్కో కవరు చొప్పున పంపాలి. ఫలితాలు వారం తిరగకుండానే ఫోనుకు వచ్చాయి.

పరీక్ష పని చేసే తీరు సరళమైనది. మనుషులలో ఎక్స్, వై క్రోమోజోములు ఉన్నట్టే పక్షులలో జెడ్, డబ్ల్యూ ఉంటాయి. కాని ఇక్కడ రెండు రకాలూ ఉన్నది ఆడపక్షిలో, రెండు జెడ్‌లు ఉన్నది మగపక్షిలో. సీహెచ్‌డీ1 అనే జన్యువు జెడ్ మీద ఒక రూపంలో, డబ్ల్యూ మీద మరో రూపంలో ఉంటుంది, ఆ రెండింటి మధ్యభాగాల పొడవు వేరు. కొన్ని వందల డీఎన్‌ఏ అక్షరాల ఆ చిన్న ముక్కను, నకళ్లు తీసి పెంచే పీసీఆర్ పద్ధతిలో పెంచి, ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద పరిగెత్తిస్తే, మగదానికి ఒక గీత, ఆడదానికి రెండు గీతలు కనిపిస్తాయి. 1998లో ప్రచురితమైన ఈ పద్ధతి చాలా పక్షిజాతులకు వర్తిస్తుంది. రెండు క్రోమోజోములూ ఇంకా పెద్దగా వేరుపడని ఉష్ట్రపక్షి, ఈమూ వంటివాటికి మాత్రం ఇది పనిచేయదు.

ఇక్కడ నివేదిక చెప్పని సంగతి ఒకటుంది. ఆడదని తేలడానికి రెండో గీత కనిపించాలి, అంటే అది నేరుగా దొరికిన సాక్ష్యం. మగదని చెప్పడం రెండో గీత కనిపించకపోవడం మీద ఆధారపడినది. నమూనా పాడై డబ్ల్యూ ముక్క పెరగకపోయినా ఒక గీతే మిగులుతుంది. అందుచేత ఆడ అన్న ఫలితాన్ని ఎక్కువగా నమ్మవచ్చు. ఖరీదైన పక్షికి మగ అని వస్తే మరోసారి పరీక్ష చేయించడం మంచిది.

శుద్ధత విషయానికి వస్తే, ఆ ధ్రువపత్రంలో ‘100 శాతం శుద్ధమైన ఫిషర్ జాతి’ (లవ్‌బర్డ్స్‌లో ఒక జాతి) అని ముద్రించి ఇచ్చారు. ఏ పరీక్షతో తేల్చారని అడిగితే లింగ నిర్ధారణకు వాడిన నమూనాతోనే అన్నారు. ఇది కుదిరే పని కాదు. పక్షి జీనోమ్‌లో, అంటే దాని మొత్తం డీఎన్‌ఏలో, వంద కోట్లకు పైగా అక్షరాలుంటాయి, ఆ మొత్తంలో వారు చూసినది ఒక్క ముక్క. ఒక పక్షిలో మరో జాతి రక్తం ఎంత కలిసిందో తెలియాలంటే జీనోమ్ అంతటా అనేక చోట్ల, మూలం తెలిసిన అడవి పక్షుల నమూనాలతో పోల్చి చూడాలి.

పైగా ఫిషర్ పక్షికి కళ్ల చుట్టూ తెల్లని వలయమున్న మాస్క్ రకం లవ్‌బర్డ్‌తో కలిసి సంతానం కలుగుతుంది, ఆ సంతానానికీ పిల్లలు పుడతాయి. కెన్యాలోని నైవాషా సరస్సు దగ్గర పంజరాల నుంచి తప్పించుకున్న ఈ రెండు రకాల సంకర సంతతి స్వేచ్ఛగా పెరుగుతోంది. పీచ్‌ఫేస్ అనే మరో లవ్‌బర్డ్‌తో ఫిషర్‌కు పుట్టిన పిల్లలు మాత్రం సాధారణంగా గొడ్డువి. జాతుల మధ్య గోడ ఒక్కసారిగా లేవదు, సంకర సంతానంలో సంతాన సామర్థ్యం దెబ్బతినడం దాని ఆనవాళ్లలో ఒకటి. రెండు రకాల లింగ క్రోమోజోములున్న లింగానికే ఆ దెబ్బ ముందుగా తగులుతుందని, అంటే పక్షులలో ఆడవాటికని, జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1922లో గమనించారు. (తరువాత భారతదేశానికి వచ్చి స్థిరపడిన ఆయనకు శిష్యుడు, జీవిత చరిత్రకారుడు అయిన ద్రోణంరాజు కృష్ణారావు పుట్టింది మన పిఠాపురంలోనే.)

సంకరం అన్నిసార్లూ జాతిని చెడగొడుతుందనీ చెప్పలేము. 1981లో గాలపాగోస్ ద్వీపాలలోని డాఫ్నే మేజర్ దీవికి, వంద కిలోమీటర్ల కంటే దూరంలోని ఎస్పన్యోలా దీవి నుంచి ఒక మగ ఫించ్ (పిచ్చుకలాంటి చిన్న పక్షి) చేరుకొని స్థానిక జాతి ఆడదానితో జతకట్టింది. శాస్త్రవేత్తలైన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఆ వంశాన్ని తరతరాలుగా గమనించారు; పాట, ముక్కు పరిమాణం వేరు కావడంతో కొద్ది తరాలలోనే ఆ పిల్లలు తమలో తామే జతకట్టసాగాయి. ఆ మగ ఫించ్ వచ్చిన దీవి ఏదో 2017లో జీనోమ్ పరిశీలనే తేల్చింది. మన ఇంటి కోడి కూడా ప్రధానంగా ఎర్ర అడవికోడి సంతతే అయినా, పసుపు కాళ్లకు కారణమైన జన్యురూపం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. సంక్రాంతి పుంజులను ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి అని పిలిచే మన ప్రాంతంలో, రంగు వేరు, జాతి వేరు అని ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. బడ్జీలలో నీలం రంగు ఒకే జన్యువులోని ఒక్క అక్షరం మార్పు వల్ల వచ్చిందని 2017 నాటి పరిశోధన చెబుతున్నా, దుకాణాలలో మాత్రం దానిని వేరే జాతిగానే అమ్ముతారు.

ఈ అభ్యంతరాలను దుకాణం వారికి చెప్పగా, ఆ వాక్యం అచ్చులోనే ఉందని, శుద్ధత గడిలో టిక్కు పెట్టకపోతే అదనపు రుసుము పడదని చెప్పారు. కనుక దరఖాస్తులో లింగ నిర్ధారణ గడి ఒక్కటే నింపి, కవరు మీద పక్షి కాలి కడియం సంఖ్య రాసి, ఈకలు బాగా ఆరిన తరువాతే పంపండి.