ఫిడేల్ నేర్చుకునేవాళ్లకి టోబర్ అన్ డూఅల్‌ఖైష్ ఎంతవరకు పనికొస్తుంది?

స్కాట్లాండ్ పల్లె ఫిడేల్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా కొనేది ట్యూన్ల పుస్తకం. అందులో స్వరాలు ఉంటాయి గానీ కమాను ఎటు నడవాలో, ఒత్తు ఎక్కడ పడాలో చాలావరకు ఉండదు. అది పాత వాయిద్యగాళ్లని విని పట్టుకోవాల్సిందే. అందుకు టోబర్ అన్ డూఅల్‌ఖైష్ అనే ఆన్‌లైన్ ఆర్కైవ్ చాలా మంచి చోటు, పైగా ఉచితం. పాఠాలు చెబుతుందనుకుని వెళ్తే మాత్రం అరగంటలో విసుగొస్తుంది.

ఎడిన్‌బరో యూనివర్సిటీలో 1951లో మొదలైన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ వాళ్లు ఊరూరా తిరిగి చేసిన టేపులు, బీబీసీ స్కాట్లాండ్ టేపులు, నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ చేతిలో ఉన్న కానా దీవి సేకరణ కలిపి 2010లో దీన్ని జనం ముందు పెట్టారు. నడిపేది స్కై దీవిలోని గేలిక్ (స్కాట్లాండ్ పాత భాష) కాలేజీ. ఫిడేల్ కోసం వచ్చినవాళ్లకి ఎక్కువగా దొరికేది మొదటి సేకరణలోనే. కానా సేకరణ జాన్ లోర్న్ క్యాంప్‌బెల్ 1930ల నుంచి పోగుచేసింది. అందులో ప్రధానంగా గేలిక్ పాటలు, కథలే.

వెతుకులాటలో ఒక చిక్కుంది. ఫిడేల్ అని కొడితే వాయించినవీ వస్తాయి, ఫలానా పెళ్లిలో ఫలానా ఆయన ఎలా వాయించేవాడో చెప్పిన కబుర్లూ వస్తాయి. కబుర్లు కూడా వినదగ్గవే. ట్యూన్లే కావాలంటే సంగీతం అనే విభాగం ఎంచుకుని, ఆపైన ప్రాంతం పెట్టి వడకట్టాలి. ఎవరు వాయించారు, ఎవరు రికార్డు చేశారు, ఏ ఏడాది, ఏ ఊరు అన్నది ప్రతి ట్రాక్ పక్కన ఉంటుంది. స్కూల్ టేపుల నంబరు ఎస్ఏ అనే అక్షరాలతో, రికార్డు చేసిన సంవత్సరంతో మొదలవుతుంది. అది రాసి పెట్టుకోండి. ఒకే సిట్టింగులో వాయించిన మార్చ్, స్ట్రాత్‌స్పే, రీల్ అనే మూడు రకాల ట్యూన్లు విడివిడి ట్రాక్‌లుగా ఉంటే, పక్క ముక్కలు పట్టుకోవడానికి అదే దారి.

ప్రాంతం పెట్టి వెతకమన్నది ఊరికే కాదు. ఈశాన్యంలో, అబర్డీన్‌షైర్ వైపు, స్ట్రాత్‌స్పే వినండి. పొట్టి స్వరం దరువు మీద పడి, పొడుగుది వెనక వస్తుంది. కాగితం మీద దాని కొలత 1:3. మంచి చేయి పడితే పొట్టిది ఇంకా పొట్టిదవుతుంది. నాలుగు స్వరాల గుంపులో మొదటిది కమాను కిందికి లాగి, మిగతా మూడూ ఒకే పైకమానులో తోస్తారు, మూడో స్వరం మీద ఒత్తు పడుతుంది. పాతకాలపు ఫిడేల్ వాయిద్యగాడు నీల్ గౌ (1727-1807) పేరు మోగింది ఆ పైకమాను బలంతోనే. ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల రీల్స్‌లో ఇంకో తీరు. స్వరాలని దరువు దాటించి కలిపి లాగుతారు, ఒత్తు దరువు మధ్యలో తగులుతుంది, పక్క తీగ ఖాళీగా మోగుతూనే ఉంటుంది. పశ్చిమ హైలాండ్స్‌లో బ్యాగ్‌పైప్ నీడ కనిపిస్తుంది: జి షార్ప్ ఉండాల్సిన చోట మామూలు జి, ఒకే స్వరాన్ని చిటికెలో మూడుసార్లు కొట్టే బర్ల్. ఈ మూడు ప్రాంతాల నుంచీ తలా ఒక రీల్ వరసగా వింటే పుస్తకం చెప్పలేనిది చెవికి తెలుస్తుంది.

అసలు ఇబ్బంది శ్రుతి. ట్రాక్‌తో పాటు వాయిద్దామని కూర్చుంటే ఎక్కడా కలవదు. ఊళ్లో శ్రుతి పెట్టె ఉండేది కాదు, ఫిడేల్ దాని లెక్కలో అది ఉండేది. దానికి తోడు బ్యాటరీ మెషీన్ మీద రికార్డు చేసినప్పుడు బ్యాటరీ నీరసిస్తే టేపు మెల్లగా తిరుగుతుంది. అలా నింపిన టేపుని సరైన వేగంతో వినిపిస్తే శ్రుతీ వేగమూ రెండూ పెరుగుతాయి. ముందు ట్రాక్‌లో ఖాళీ తీగ మోగే చోటు వెతకండి. వేలు పెట్టని తీగ వణుకు లేకుండా నిలకడగా మోగుతుంది. దానికి మీ తీగలు సరిచేసుకోండి. తేడా అరస్వరంలోపు ఉంటే పర్వాలేదు. అంతకన్నా పైన ఉంటే అన్నిటికన్నా సన్నదైన ఇ తీగని బిగించకండి, తెగుతుంది. సాఫ్ట్‌వేర్‌తో రికార్డింగు శ్రుతినే తగ్గించుకోండి.

షెట్లాండ్ ట్రాక్‌లలో కింది తీగలు ఎ, ఇ అని మోగుతుంటే అది మామూలు జి-డి-ఎ-ఇ కాదు, ఎ-ఇ-ఎ-ఇ శ్రుతి. మన లెక్కలో చక్కగా స-ప-స-ప. జి తీగని ఎ కి, డి తీగని ఇ కి పెంచాలి. ఒక పూర్తి స్వరం పెంచితే ఆ తీగ బిగువు దాదాపు 26 శాతం పెరుగుతుంది. పెంచుతున్నంతసేపూ తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి తల వేళ్లపలక వైపు వాలుతుంది. కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యలో ఆగి రెండు చేతులతో దాన్ని నిటారుగా సర్దండి. పాత తీగలతో ఈ పని వద్దు.

డౌన్‌లోడ్ మీద ఆశ పెట్టుకోకండి, ఇది వినడానికే. బ్రౌజర్‌లో వేగం మార్చే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే సరిపోతుంది, శ్రుతి మారకుండా నెమ్మదిస్తుంది. 70 శాతం దగ్గర కమాను మలుపులు వినిపిస్తాయి. 50కి దించితే టేపు గరగరలో మలుపేదో గీరుడేదో తెలియదు. వేగానికి కొలబద్ద కావాలంటే, ఇప్పటి కంట్రీ డాన్స్ బ్యాండ్లు 32 బార్ల (ఆవర్తాల) రీల్‌ని 33 సెకన్ల దరిదాపుల్లో, అంతే స్ట్రాత్‌స్పేని నిమిషం చిల్లరలో వాయిస్తాయి. పాత ట్రాక్ దీనికి బాగా దూరంగా ఉంటే ఊరి అలవాటు అనుకునే ముందు టేపు వేగాన్ని అనుమానించండి.

పేర్ల దగ్గరా జాగ్రత్త. ఒకే ట్యూన్‌కి ఊరికో పేరు, ఒకే పేరుతో రెండు మూడు ట్యూన్లు. పేరుతో దొరక్కపోతే వాయించిన మనిషి పేరుతో వెతకండి. హెబ్రిడీస్ దీవుల్లో ఫిడేల్ తక్కువగా తగిలిందని నిరాశపడి వదిలేయకండి. అక్కడ నోటితో పాడే నాట్య గీతాలు, పుర్ష్త్-అ-బియల్, బోలెడు ఉన్నాయి. స్ట్రాత్‌స్పే ఒత్తు కుదరనివాళ్లు ఒకటి నేర్చుకుని, నోటితో పాడుతూ కమాను ఆ మాటల మీదే నడిపి చూడండి.