షెడ్డులో చిక్కుకున్న కారు: ఆగాలా, తరలించాలా, ఫిర్యాదు చేయాలా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది సంక్రాంతికో ఉగాదికో సొంత కారులోనే ఊరికి బయలుదేరుతారు కాబట్టి, పండుగ ముందు మరమ్మతుకు ఇచ్చిన కారు చెప్పిన రోజుకు చేతికి రాకపోతే ఇంటిల్లిపాదికీ ఇబ్బందే. రోజుల్లో అయిపోతుందన్న పని వారాలకు సాగి, ఎస్టిమేట్ రెట్టింపు అయినప్పుడు యజమాని అక్కడే ఆగవచ్చు, కారును వేరేచోటికి తరలించవచ్చు, లేదా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వీటిలో ఏది మేలో తేల్చుకోవడానికి గ్యారేజీ వాళ్లను మొదట అడగవలసింది, ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ విప్పారా లేదా అన్నదే.

ఇంకా విప్పకపోతే తరలించడమే మేలని నా అభిప్రాయం. వరుసలో నిలబెట్టిన కారు మీద గ్యారేజీ పెట్టిన ఖర్చు దాదాపు ఏమీ ఉండదు కనుక, పరీక్షించినందుకు అడిగిన రుసుము చెల్లించి, లోపం ఏమిటో కాగితం మీద రాయించుకుని, టోయింగ్ బండి పిలిపించుకుంటే సరిపోతుంది.

విప్పిన తరువాత పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ఒకరు విప్పిన ఇంజిన్‌ను మరో మెకానిక్ సాధారణంగా ముట్టుకోవడానికి ఇష్టపడడు, ఎందుకంటే ఏ భాగం ముందే పాడైందో, ఏది విప్పేటప్పుడు దెబ్బతిన్నదో అతను చెప్పలేడు, తన పనికి హామీ కూడా ఇవ్వలేడు. రేపు మళ్లీ చెడితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. అందువల్ల ఈ దశలో ఆగడమే నయం, కానీ ఆలస్యానికి కారణం తెలుసుకోకుండా ఊరికే ఆగకూడదు.

విడిభాగం రాకపోవడమే కారణమైతే, ఆర్డర్ పెట్టిన తేదీ, ఆర్డర్ నంబరు చూపించమని అడగాలి. కంపెనీ సర్వీస్ సెంటర్లు కంపెనీ గోదాము మీదే ఆధారపడతాయి. ప్రైవేటు షెడ్డు వాళ్లు జేసీ రోడ్డు దుకాణాల్లో అదే రోజు వెతకగలరు, తలుపులు, అద్దాలు, దీపాల వంటివైతే శివాజీనగర్ పాత సామాన్లలోనూ చూడగలరు. బ్రేకులకు, స్టీరింగుకు మాత్రం వాడిన భాగాలను ఎంత చౌకైనా ఒప్పుకోకండి. పనివాడు మానేయడమో, పట్టగలిగినదానికి మించి బండ్లు తీసుకోవడమో కారణమైతే ఓపిక పట్టి ప్రయోజనం లేదు. రాతపూర్వకంగా ఒక్క గడువు ఇచ్చి, అదీ దాటితే విప్పిన భాగాలన్నిటికీ ఫొటోలు తీసి, జాబితా మీద సంతకం చేయించుకుని, ఇంజిన్ విప్పి ఉన్నా సరే కారును తీసుకువెళ్లాలి. బీమా క్లెయిము ఉన్న కారు విషయంలో మాత్రం, విప్పాక బయటపడిన నష్టాన్ని సర్వేయర్ మళ్లీ చూసి ఆమోదించవలసి ఉంటుంది కాబట్టి, ఆ ఆలస్యాన్నంతా గ్యారేజీ మీద వేయడం న్యాయం కాదు.

బిల్లు పెరిగిన ప్రతిసారీ మోసమే అనుకోవడం కూడా సరికాదు. క్లచ్ ప్లేటు మార్చడానికి గేర్‌బాక్స్ దించాక, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ కూడా అరిగిపోయిందని తేలితే, అప్పుడే మార్చడం లాభం, లేకపోతే కొన్నాళ్లకు మళ్లీ దించినందుకు లేబర్ ఛార్జీ రెండోసారి కట్టాలి. అయితే పాత భాగం చూపించి, వాట్సాప్‌లో మన అంగీకారం తీసుకున్నాకే ఆ పని చేయాలి. కారు విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాకుండా 18 శాతమే కాబట్టి, బిల్లులో ఆ గడినీ చూసుకోవాలి. బిల్లు లేకుండా చేస్తే ఆ పన్ను మిగులుతుందన్న మాటకు లొంగిపోతే తరువాత నిలదీయడానికి ఆధారమే ఉండదు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానం కిందికి వస్తుంది.

తరలించాలనుకునేవారు మరో సంగతి తెలుసుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం, పని చేసినవారు ఆ పనికి న్యాయంగా రావలసిన డబ్బు అందేదాకా వస్తువును తమ దగ్గరే ఉంచుకోవచ్చు. కాబట్టి గేటు దగ్గర గొడవ పడేకన్నా, అభ్యంతరంతో చెల్లిస్తున్నానని బిల్లు మీదే రాసి, డబ్బు కట్టి, కారు తెచ్చుకుని, ఆ తరువాత పోరాడడం తెలివైన పని.

ఆ పోరాటానికి వినియోగదారుల కమిషన్ మంచి చోటే, కానీ పండుగకు కారు తెప్పించే చోటు కాదు. ఫిర్యాదును ప్రతివాదికి నోటీసు అందిన 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. గ్యారేజీకి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫిర్యాదుకు రుసుము లేదు, ఫిర్యాదు చేయడానికి గడువు 2 ఏళ్లు. ఫిర్యాదుదారు తానుండే చోటే దాఖలు చేసుకోవచ్చు కనుక, బెంగళూరు షెడ్డు మీద ఫిర్యాదును ఉద్యోగం మారి విజయవాడకో హైదరాబాదుకో వెళ్లినవారు అక్కడినుంచే నడపవచ్చు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండానే రాజీకి ప్రయత్నం జరుగుతుంది. ఏ దారిలో వెళ్లినా, కారు తీసుకునేటప్పుడు గ్యారేజీ రాసిచ్చే జాబ్ కార్డు, మొదటి ఎస్టిమేట్, గడువులు చెప్పిన సందేశాలు, చెల్లింపు రసీదులు దగ్గర ఉండాలి. కారు అప్పగించే రోజునే జాబ్ కార్డు మీద కిలోమీటర్ల రీడింగు, తిరిగి ఇచ్చే తేదీ రాయించుకోండి.