ఆటోక్లేవ్ నుంచి యూవీ దీపం దాకా: ల్యాబ్‌లో ఏళ్ల తరబడి వాడాక

సూక్ష్మజీవులను వదిలించే సాధనాల్లో ఒక్కదాన్నే ఉంచుకుని మిగిలినవన్నీ వదిలేయమంటే మారుమాట లేకుండా ఆటోక్లేవ్‌నే, అంటే పీడనంలో ఉన్న ఆవిరితో సామానును శుద్ధి చేసే యంత్రాన్నే ఉంచుకుంటాను. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో మీడియా (సూక్ష్మజీవులను పెంచే పోషక పదార్థం) తయారు చేయడం, గాజుసామాను శుద్ధి చేయడం, వాడేసిన కల్చర్లను (అందులో పెంచిన సూక్ష్మజీవులను) పారేయడం ఏళ్లుగా నా పనే. ఇన్నాళ్ల వాడకంలో నాకు తేలిందేమిటంటే, వేడైనా రసాయనమైనా తడి తోడైనప్పుడే గట్టిగా పనిచేస్తుంది.

ఆటోక్లేవ్ లెక్క అందరికీ తెలిసిందే. చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, 121 డిగ్రీల సెల్సియస్, 15 నిమిషాలు. ఇందులో పీడనం పాత్ర ఉష్ణోగ్రతను పెంచడం వరకే, అసలు పని ఆవిరిది. చల్లగా ఉన్న గాజు మీద ఆవిరి నీరుగా మారేటప్పుడు గ్రాముకు 500 కేలరీలకు పైగా వేడిని వదులుతుంది. ఆ తడి వేడికి సూక్ష్మజీవుల ప్రొటీన్లు గడ్డకట్టిపోతాయి. పొడి వేడితో పనిచేసే హాట్ ఎయిర్ ఓవెన్‌కు ఇదే పనికి 160 డిగ్రీల దగ్గర 2 గంటలు పడుతుంది. ఆవిరి చొరబడలేని నూనెలు, పొడుల కోసం మాత్రమే నేను ఓవెన్ తలుపు తెరుస్తాను.

అయితే ఆటోక్లేవ్ దగ్గర ఓపిక కావాలి. చేత్తో కవాటం తిప్పే పాత నిలువు రకంలో ఆవిరి మొదట చిటపటమంటూ ఆగి ఆగి వస్తుంది. అది గాలి కలిసిన ఆవిరి. కాసేపటికి చప్పుడు మారి, తెల్లటి ధార ఒకే వేగంతో సూటిగా ఎగజిమ్ముతుంది. కవాటం మూయాల్సింది అప్పుడే. లోపల సగం గాలి మిగిలిపోతే పీడనం చూపే ముల్లు 15 పౌండ్ల దగ్గర ఉన్నా ఉష్ణోగ్రత 112 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కొత్త యంత్రాలు గాలిని వాటంతట అవే తోసేస్తాయి. కానీ సామాను సందు లేకుండా కుక్కితే అవి మాత్రం ఏం చేస్తాయి? పెద్ద ఫ్లాస్కులో అగర్ (మీడియాను గట్టిపరిచే జిగురు పదార్థం) నడిమధ్య దాకా వేడెక్కడానికి అదనపు సమయం ఇవ్వాలి. ముల్లు సున్నాకు దిగకముందే ఆవిరి వదిలేస్తే అగర్ పొంగి దూది బిరడాలను తన్నేస్తుంది.

సామానుకు అంటించే ఆటోక్లేవ్ టేపు మీద నల్ల చారలు కనబడగానే పని అయిపోయిందనుకునేవారు చాలామంది. వేడి తగిలిందని చెప్పడమే ఆ టేపు పని. నమ్మకం కావాలంటే జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లున్న (వేడిని తట్టుకునే గట్టి రూపాలున్న) చిన్న గొట్టాన్ని సామాను మధ్యలో పెట్టి, తర్వాత 55 నుంచి 60 డిగ్రీల దగ్గర పొదగాలి. మేము వాడే రకంలో లోపలి ద్రవం ఊదారంగులోనే ఉంటే స్పోర్లు చచ్చినట్టు, పసుపుకు తిరిగితే బతికున్నట్టు. ఆటోక్లేవ్‌లో పెట్టని జంట గొట్టం మాత్రం పసుపుకు తిరిగి తీరాలి, లేకపోతే ఆ పరీక్షే చెల్లదు.

ఇక రసాయనాలు. బల్ల తుడవడానికి 70 శాతం ఆల్కహాల్‌కు మించింది నాకు దొరకలేదు. నూటికి నూరు శాతం ఆల్కహాల్ ఇంకా మేలనుకుంటారు గానీ, ప్రొటీన్లను చెడగొట్టడానికి నీరు కూడా ఉండాలి, పైగా నీరు లేని ఆల్కహాల్ చిటికెలో ఆరిపోతుంది. స్పోర్లను మాత్రం 70 శాతం కూడా ఏమీ చేయలేదు. బల్ల పూర్తిగా ఆరాకే బర్నర్ వెలిగించాలి.

సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్, బలమైనదే, కాకపోతే పేచీకోరు. వెలుతురుకూ వేడికీ బలం కోల్పోతుంది, రక్తం, మురికి వంటివి తగిలితే వాటి మీదే ఖర్చైపోతుంది, స్టీలును తినేస్తుంది. నీళ్లు కలిపిన ద్రావణాన్ని ఏ రోజుకారోజు తయారు చేసుకోవడమే మంచిది. ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచ్ పోసిన వ్యర్థాలను ఆటోక్లేవ్‌లో పెట్టకూడదన్న నియమాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను.

వేడికి చెడిపోయే సీరం, యాంటీబయాటిక్ ద్రావణాలకు 0.22 మైక్రాన్ల వడపోతే గతి. ఆటోక్లేవ్‌ను 1879లో రూపొందించిన షార్ల్ చాంబర్లాండే 1884లో పింగాణీ వడపోతనూ తయారు చేశాడు. నేటి పొరలు బ్యాక్టీరియాను బాగానే ఆపుతాయి గానీ, వైరస్‌లు, కొన్ని మైకోప్లాస్మాలు (కణకవచం లేని అతి చిన్న బ్యాక్టీరియా) జారిపోతాయి.

నన్ను నిరాశపరచింది యూవీ (అతినీలలోహిత) దీపమే. 254 నానోమీటర్ల కిరణం సూటిగా పడిన చోట పనిచేస్తుంది. సీసా నీడ పడినా, దుమ్ము పేరుకున్నా, గాజు మూత అడ్డొచ్చినా అంతే సంగతులు. ఇంకా చికాకు ఏమిటంటే, సూక్ష్మజీవులను చంపే శక్తి తగ్గిపోయాక కూడా దీపం నీలంగా వెలుగుతూనే ఉంటుంది. కొత్తగా ల్యాబ్ కేబినెట్ (శుద్ధమైన గాలిలో పనిచేసే పెట్టె) కొనేవారు ఆ దీపానికి అదనంగా డబ్బు పోయకుండా, అదే సొమ్ముతో స్పోర్ గొట్టాలు కొనుక్కుంటే ఎక్కువ ఉపయోగం.