డైరెక్టరీ టైటిల్‌లో పేరుండాలా, కీవర్డుండాలా: రెండు వైపులా కూర్చున్నవాడి మాట

2007లో అమీర్‌పేటలో నా మొదటి ఉద్యోగం. కార్డు మీద ఎస్ఈఓ (వెతుకులాటలో సైటును పైకి తెచ్చే పని) ఎగ్జిక్యూటివ్ అని ఉండేది గానీ, చేసే పని రోజుకు అరవై డైరెక్టరీల్లో, అంటే సైట్లను కేటగిరీల వారీగా పేర్చిన జాబితా సైట్లలో, క్లయింట్ల లింకులు ఎక్కించడం. ఎక్సెల్ షీట్‌లో ఒక పక్క డైరెక్టరీల అడ్రసులు, ఇంకో పక్క టైటిల్, డిస్క్రిప్షన్, కేటగిరీ. కాపీ, పేస్ట్, వంకరటింకర అక్షరాల క్యాప్చా, సబ్‌మిట్. సాయంత్రమయ్యేసరికి కళ్లు మండేవి. ఆ తర్వాత తెలుగు సైట్ల డైరెక్టరీ ఒకదానికి ఖాళీ వేళల్లో ఎడిటర్‌గా ఆరేళ్లు పనిచేశాను. అంటే సైటు పేరుకు బదులు కీవర్డులతో (జనం వెతికే మాటలతో) టైటిళ్లు పంపిందీ నేనే, పంపినవాళ్లవి తిప్పికొట్టిందీ నేనే.

అసలు తగాదా ఎక్కడంటే, చాలా డైరెక్టరీల్లో టైటిల్ పెట్టెలో మనం రాసిందే లింకు అక్షరాలవుతుంది. ఆ అక్షరాలను బట్టి అవతలి సైటు దేని గురించో గూగుల్ ఒక అంచనాకొస్తుంది. అందుకే సైటు పేరు పక్కనపెట్టి, జనం వెతికే మాటలు టైటిల్‌లో రాసేవాళ్లం. అయిదేళ్లు నేను చేసింది అదే. ఫలితం లేదని అబద్ధం చెప్పను. ఒక్కోసారి మూడు వారాల్లోనే సైటు రెండో పేజీ నుంచి మొదటి పేజీకి వచ్చేది.

ఒప్పుకోని డైరెక్టరీలు మాకు పెద్ద తలనొప్పి. వాటిలో పెద్దది డీమోజ్. 1998లో మొదలై, అదే ఏడాది నెట్‌స్కేప్ చేతికి, ఆ తర్వాత ఏఓఎల్ చేతికి వెళ్లింది. నడిపింది జీతం లేని వాలంటీర్ ఎడిటర్లు. టైటిల్ అంటే సైటు సొంత పేరు, డిస్క్రిప్షన్‌లో డబ్బా కొట్టకూడదు, అంతే అక్కడ రూలు. మనం ఏం రాసి పంపినా ఎడిటర్ దాన్ని తీసి పేరు పెట్టేవాడు. అప్పట్లో మా ఆఫీసులో అందరం తిట్టుకున్నాం. కానీ డీమోజ్ సరుకుతోనే గూగుల్ తన డైరెక్టరీ నడిపింది. వెతుకులాట ఫలితాల్లోనూ ఒక్కోసారి అక్కడి టైటిల్, డిస్క్రిప్షనే చూపించేది. వద్దనుకున్నవాళ్ల కోసం నోఓడీపీ (ఓడీపీ అంటే డీమోజే) అని ప్రత్యేకంగా ఒక ట్యాగే పెట్టాల్సి వచ్చింది. అంత దూరం వెళ్లే టైటిల్‌ని పంపినవాడి ఇష్టానికి వదిలేస్తే ఏమయ్యేదో ఆలోచించండి. యాహూ డైరెక్టరీ అయితే వ్యాపార సైట్ల దగ్గర ఏడాదికి 299 డాలర్లు తీసుకునేది. అదీ చూసినందుకే, చేర్చుకుంటామన్న హామీ లేదు. 2014 చివర్లో అది మూతపడింది, 2017 మార్చిలో డీమోజ్ కూడా.

ఏది రాసినా తీసుకునేవి చిన్న డైరెక్టరీలు. రెడీమేడ్ స్క్రిప్టు ఒకటి వేసుకుని, ఆడ్‌సెన్స్ (గూగుల్ ప్రకటనలు) అతికించి, పది డాలర్లిస్తే పైన కూర్చోబెడతాం అనే రకం. వేలల్లో ఉండేవి. నా కళ్లు తెరుచుకున్నది వాటిలో ఒక దాని మీదే.

గుంటూరు పక్కనుంచి వచ్చి హైదరాబాద్‌లో పచ్చళ్ల కొట్టు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన మా క్లయింట్. ఆవకాయ, గోంగూర, పండుమిరప ప్యాక్ చేసి అమెరికాలో ఉన్న మనవాళ్లకు పంపేవాడు. కొట్టుకీ సైటుకీ వాళ్ల అమ్మగారి పేరే. నేను ఆ పేరు తీసేసి వందకు పైగా డైరెక్టరీల్లో ‘ఆంధ్ర పచ్చళ్లు ఆన్‌లైన్’ అని ఎక్కించాను. నెల రిపోర్టు ఇవ్వడానికి వెళ్లి, గర్వంగా ఒక కేటగిరీ పేజీ తెరిచి చూపించాను. అందులో పదకొండు లింకులు. ‘ఆంధ్ర పచ్చళ్లు ఆన్‌లైన్’, ‘ఆన్‌లైన్ ఆంధ్ర పచ్చళ్లు’, ‘ఆంధ్ర పచ్చళ్లు కొనండి’, ‘బెస్ట్ ఆంధ్ర పచ్చళ్లు’... ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, తెర మీద వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుకుంటూ కిందిదాకా వచ్చాడు.

“ఇందులో మనదేది బాబూ? అమ్మ పేరు కనపడదే?”

నాకూ తెలియలేదు. మౌస్ ఒక్కో లింకు మీద పెట్టి, అడుగున అడ్రసు చూసి వెతికితే ఏడోది మాది. చేర్చినవాడికే దొరకని డైరెక్టరీ కొనేవాడికి ఏం దొరుకుతుంది?

2012 ఏప్రిల్ 24న గూగుల్ తన వెతుకులాట లెక్కలో పెంగ్విన్ అనే మార్పు వదిలింది. అన్ని లింకులూ ఒకే కీవర్డుతో ఉన్న సైట్లు పడ్డాయి. పచ్చళ్ల సైటూ పడింది. అక్కణ్ణుంచి నా ఉద్యోగం తిరగబడింది: ఎక్కించిన లింకులు తీయమని అవే డైరెక్టరీలకు మెయిళ్లు. సగానికి సగం జవాబే లేదు. ఒకాయన తీయడానికి లింకుకు అయిదు డాలర్లడిగాడు, ఎక్కించడానికి మాత్రం పైసా అడగలేదు. ఆ అక్టోబర్‌లో, ఫలానా లింకులు లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పుకునే డిసావో టూల్ వచ్చాక మిగిలిన అడ్రసులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టి పంపాం. ఇలా వదిలించుకోవాల్సి వచ్చినవి అప్పట్లో తేలిగ్గా దొరికినవి, అంటే కీవర్డ్ టైటిల్ తీసుకున్న డైరెక్టరీల లింకులే. పేరుతో ఉన్న కొద్ది లింకుల జోలికి వెళ్లాల్సిన పనే పడలేదు.

ఎడిటర్ కుర్చీలో కూర్చున్నాక కీవర్డుల వాళ్ల వాదనలో ఉన్న బలమూ తెలిసింది. మన పేర్లు అలాంటివి మరి. ‘శ్రీ లక్ష్మీ ఎంటర్‌ప్రైజెస్’ అంటే సిమెంటా, చీరలా, మోటారు పంపులా? ‘వేంకటేశ్వర స్వామి దేవస్థానం’ అని మాకే బోలెడు సైట్లొచ్చాయి. పేరే టైటిల్ అని పట్టుబడితే అదీ పచ్చళ్ల పేజీలాగే తయారవుతుంది. అందుకని పేరు పక్కన ఊరు మేమే చేర్చేవాళ్లం, పంపినవాడు కాదు. సరుకేమిటో చెప్పడానికి కింద డిస్క్రిప్షన్ లైను, పైన కేటగిరీ ఎలాగూ ఉన్నాయి. ఇక్కడొక మెలిక: కేటగిరీ పేజీలో టైటిల్ మాత్రమే చూపించి, డిస్క్రిప్షన్‌ని లోపలి పేజీలో దాచే డైరెక్టరీలు కొన్ని ఉన్నాయి. అక్కడ కీవర్డు కావాలనడంలో న్యాయముంది. కానీ మార్చాల్సింది పేజీ డిజైను, టైటిల్ కాదు. నిజంగానే సైటు పేరులో కీవర్డు ఉంటే? బోర్డు మీద, బిల్లు మీద అదే పేరుంటే మేం మారుమాటాడకుండా తీసుకునేవాళ్లం. హోమ్ పేజీ అడుగున కాపీరైట్ లైను చూస్తే అసలు పేరు చాలాసార్లు అక్కడే దొరికేది. అనుమానమొస్తే బిల్లు ఫొటో అడిగేవాళ్లం. అడిగితే చాలామంది మళ్లీ రాలేదు.

నేను పెట్టిన రూలుతో నాకే నచ్చనిది ఒకటుంది. పేరు తెలుగు లిపిలో ఉంటే, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టి వెతికేవాళ్లకు సైటు దొరికేది కాదు. ఆరేళ్లలో దానికి సరైన దారి కనిపెట్టలేకపోయాం. డిస్క్రిప్షన్ చివర ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు ఒకసారి రాయనిచ్చాం. అయిదారుసార్లు రాసినవాళ్లవి కత్తిరించడమే ఆదివారాల పని అయింది.

ఇప్పుడు డైరెక్టరీల కాలం పోయినా తగాదా పోలేదు, మ్యాప్స్‌లోకి మారింది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో బోర్డు మీదున్న పేరే రాయాలని రూలు. మా వీధిలో ఏసీ రిపేర్ షాపు కుర్రాడు పేరు వెనక మూడు సర్వీసులు, రెండు ఏరియాలు తగిలించాడు. ప్రొఫైల్ సస్పెండయ్యాక నా దగ్గరకొచ్చాడు.

“అన్నా, పక్కవాడిది ఉంది కదా, నాదే ఎందుకు పోయింది?”

బోర్డు ఫొటో తీసుకురమ్మన్నాను. చూస్తే బోర్డు మీద పేరే లేదు, పెద్దక్షరాల్లో ‘ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్’, కింద ఫోన్ నంబరు. ముందు పెయింటర్ దగ్గరకు పంపించాను.