సగం మెయిళ్లు ఒంగోలు సర్వర్‌లో, సగం క్లౌడ్‌లో: వడపోత లైసెన్సు ఏది మేలు?

చీమకుర్తిలో క్వారీ, ఒంగోలులో ఆఫీసు ఉన్న ఒక గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి సంస్థను ఊహించుకోండి. క్వారీ, స్టోర్సు సిబ్బంది 60 మంది మెయిల్‌బాక్సులు ఆఫీసులోని ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో ఉన్నాయి. ఎగుమతులు, అకౌంట్లు చూసే 25 మందివి మైక్రోసాఫ్ట్ 365 క్లౌడ్‌లో ఉన్నాయి. స్పామ్ వడపోతకు 85 మందికీ కలిపి కొటేషన్ వస్తే సంతకం పెట్టకండి. క్లౌడ్‌లోని మెయిల్‌బాక్సులన్నింటికీ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ ప్రొటెక్షన్ అనే వడపోత మైక్రోసాఫ్ట్ 365 లైసెన్సుతోపాటే వస్తుంది. తేల్చుకోవాల్సింది ఆ 60 మంది సంగతే.

వారికి ఇదే వడపోతను విడిగా, మనిషికి ఒక లైసెన్సు చొప్పున కొనవచ్చు. లేదా సేవలతో కూడిన ఎంటర్‌ప్రైజ్ క్యాల్ (సర్వర్‌ను వాడుకునేందుకు మనిషికి తీసుకునే లైసెన్సు) తీసుకోవచ్చు. అందులో వడపోత, డేటా బయటికి పోకుండా చూసే సదుపాయం కలిసే ఉంటాయి. ఆ క్యాల్ మీ సంస్థకు ఇప్పటికే ఉంటే ఇంకేమీ కొనక్కర్లేదు, ముందు పాత ఒప్పందం కాగితాలు తీసి చూడండి. లేకపోతే కేవలం వడపోత కోసం క్యాల్ కొనడం అనవసరపు ఖర్చు, విడి లైసెన్సే మేలు.

సర్వర్‌లోనే ఉన్న యాంటీస్పామ్ ఏజెంట్లతో సరిపెట్టుకోవచ్చు కదా అంటారు. ఖర్చు ఉండదు, నిజమే. కానీ చెత్త మెయిలంతా మీ ఇంటర్నెట్ లైను మీదుగా మీ గడప దాకా వచ్చాకే వడపోత మొదలవుతుంది. నేను దీన్ని సిఫారసు చేయను.

లైసెన్సు కొన్నంత మాత్రాన పని అయిపోదు. మీ డొమైన్‌కు వచ్చే మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు నేరుగా క్లౌడ్ వడపోతకే చూపాలి. ఒంగోలు సర్వర్ ఫైర్‌వాల్‌లో మెయిల్ వచ్చే దారి అయిన 25వ పోర్టు ఆ వడపోత చిరునామాలకు మాత్రమే తెరవాలి. లేకపోతే స్పామ్ పంపేవాళ్లు దొడ్డిదారిన నేరుగా సర్వర్‌కే పంపుతారు. మరో మెలిక ఉంది. క్లౌడ్ ఒక మెయిల్‌ను స్పామ్ అని తేల్చి హెడర్‌లో (మెయిల్‌తోపాటు వచ్చే సాంకేతిక వివరాల్లో) ఎస్‌ఎఫ్‌వీ:ఎస్‌పీఎం అని ముద్ర వేసినా, స్థానిక సర్వర్ దాన్ని తనంతట తాను పట్టించుకోదు. ఆ ముద్ర కనిపిస్తే ఎస్‌సీఎల్ (మెయిల్ ఎంతవరకు స్పామ్ అనిపిస్తోందో చెప్పే అంకె) విలువ 6 చేయమని సర్వర్‌లో నియమం రాయాలి. అప్పుడే అది జంక్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అది రాయకపోతే లైసెన్సులకు డబ్బు కట్టి కూడా ఇన్‌బాక్సులో చెత్తే చూడాల్సి వస్తుంది.

ఎగుమతిదారులను ముంచేది లాటరీ మెయిల్ కాదు. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి రవాణా బిల్లు ఇందులో వేయండి’ అంటూ షిప్పింగ్ ఏజెంటు పేరుతో వచ్చే నాలుగు వాక్యాల ఉత్తరం. చిరునామాలో ఎం అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కనే ఉంటాయి. చదువరి కన్ను దాటిపోతుంది. ఇలా పేరును పోలిన డొమైన్లను పట్టే రక్షణ మామూలు వడపోతలో లేదు, డిఫెండర్ ఫర్ ఆఫీస్ 365 అనే మైక్రోసాఫ్ట్ అదనపు రక్షణలో ఉంది. చెల్లింపులు చేసే వారందరికీ, సర్వర్ వైపు ఉన్నా సరే, అది కొని, అందులోని రక్షణ విధానాన్ని (పాలసీని) వారికే వర్తింపజేయండి. ఇక్కడ మాత్రం పొదుపు చూడవద్దు.

ఇక ఆ సర్వర్ ఎక్స్ఛేంజ్ 2016 లేదా 2019 అయితే లెక్కే మారుతుంది. రెండింటికీ 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. దాని ముందు ఎంత మంచి వడపోత పెట్టినా సర్వర్‌లోని లోపాలు అలాగే ఉంటాయి. ఎక్స్ఛేంజ్ కొత్త వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు మారే ఆలోచన లేకపోతే, 60 విడి లైసెన్సులు కొనే బదులు ఆ మెయిల్‌బాక్సులనే క్లౌడ్‌కు తరలించడం మేలు. ఫోనులో మెయిల్ చూసుకునే క్వారీ సూపర్‌వైజర్లకు మైక్రోసాఫ్ట్ 365 ఎఫ్3 ప్లాను ఇచ్చే 2 జీబీ మెయిల్‌బాక్సు చాలు, వడపోత అందులోనే ఉంటుంది.