ష్యూర్ ఎస్ఎం58: టీవీ ర్యాప్ పోటీకి తయారయ్యే అమ్మాయిలకు మొదటి మైక్

విజయవాడ, గుంటూరుల్లో ర్యాప్ రాస్తున్న అమ్మాయిలకు ఇంట్లో రికార్డింగ్ కోసం కండెన్సర్ మైక్ (చిన్న చప్పుడుని కూడా పట్టే స్టూడియో మైక్) కొనమనే సలహానే ఎక్కువగా వస్తుంది. టీవీ పోటీ మీద కన్నున్నవాళ్లకు ఆ సలహా పనికిరాదు. ముందు ష్యూర్ కంపెనీ చేతి మైక్ ఎస్ఎం58 కొనండి.

అమెరికన్ ర్యాపర్ కార్డీ బీ 2015లో ‘లవ్ అండ్ హిప్ హాప్: న్యూయార్క్’లోకి వచ్చినప్పుడు అది మనుషుల బతుకుల్ని చూపించే షో. ఆమె మాటా, తెగువా అక్కడ సరిపోయాయి. పాటల పేరు తర్వాత వచ్చింది. 2019లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌కి గ్రామీ గెలిచిన మొదటి సోలో మహిళ అయింది, అదే ఏడు ‘రిథమ్ ప్లస్ ఫ్లో’ అనే ర్యాప్ పోటీలో జడ్జి సీట్లో కూర్చుంది. మన దేశంలో దారి వేరు. 2019లో మొదలైన ర్యాప్ పోటీ ‘ఎంటీవీ హసిల్’లో జడ్జిల ముందు నిలబడి ర్యాప్ చెయ్యాలి. మొదటి సీజన్‌లో, తెలుగు కుటుంబంలో పుట్టిన ర్యాపర్ రాజా కుమారి కూడా ఒక జడ్జి. మైక్ పట్టడం రాకపోతే ఎంత మంచి లైన్ రాసినా వినపడదు.

ఈ మోడల్ 1966 నుంచి ఉంది. బరువు 298 గ్రాములు. 50 హెర్ట్జ్ నుంచి 15 కిలోహెర్ట్జ్ వరకు పడుతుంది. ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకుంటుంది కాబట్టి బీసెంట్ రోడ్డు హారన్లు, గదిలో ఫ్యాన్ చప్పుడు కండెన్సర్‌లో పడినంతగా ఇందులో పడవు.

అసలు తప్పు జరిగేది చేతిలో. వీడియోల్లో చూసి గ్రిల్‌ని, అంటే పైన ఉన్న గుండ్రటి జాలీని, అరచేత్తో కప్పేస్తారు. అప్పుడు వెనక వైపు గాలి దారులు మూసుకుపోయి, మైక్ అన్ని వైపుల నుంచీ శబ్దం లాగుతుంది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, స్పీకర్ కుయ్యిమంటుంది. గ్రిల్ వదిలేసి కింద పిడిని పట్టుకోండి. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి స్టేజీ మీదైనా మానిటర్ (మీ గొంతు మీకు వినిపించే స్పీకర్) మైక్ తోకకి ఎదురుగా ఉండాలి, పక్కన కాదు.

పెదవికి, గ్రిల్‌కి మధ్య రెండు వేళ్ల సందు ఉంచండి. ఇంత దగ్గరైతే బేస్ పెరుగుతుంది, సన్నటి గొంతుకి అది బలం. నాలుగైదు అంగుళాలు దాటితే గొంతు పలచబడిపోతుంది. ‘ప’, ‘భ’ పలికినప్పుడు గాలి దెబ్బ కొడితే మైక్‌ని కొంచెం పక్కకి వంచండి. మిక్సర్లో 100 హెర్ట్జ్ కింద కోసెయ్యండి, ఆడవాళ్ల గొంతుకి నష్టం ఉండదు.

దీని సిగ్నల్ బలహీనం. ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, దాదాపు 55 నుంచి 60 డీబీ కావాలి, చవక పెట్టెల్లో ఇక్కడే హిస్ (స్ మనే చప్పుడు) మొదలవుతుంది. గట్టిగా పలికిన మాట రికార్డింగ్ మీటర్లో మైనస్ 10 డీబీ దగ్గర ఆగాలి. ఎక్స్ఎల్ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైక్ వైర్) వాడండి, గిటార్ లాంటి వాయిద్యాల కోసం ఉండే ‘ఇన్‌స్ట్’ బటన్ ఆపి ఉంచండి. మైక్ వైర్‌ని గిటార్ ఇన్‌పుట్‌లో పెట్టడం వల్లే గుయ్యిమనే హమ్, తక్కువ సౌండ్ వస్తాయి.

నిమిషానికి 90 దరువులుండే (90 బీపీఎం) బీట్ మీద 16 బార్లంటే, బారుకి నాలుగు దరువుల చొప్పున, దాదాపు 43 సెకన్లు. రెండు బార్లకొకసారి, అంటే 5 సెకన్ల పైచిలుకుకి, ఊపిరి గుర్తు కాగితం మీద పెట్టుకోండి. నిలబడి, నడుస్తూ, ఇదే మైక్‌తో ఆపకుండా చెప్పండి. ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించడం అలవాటైతే స్టేజీ మీద ఊపిరి అందదు.

లిప్‌స్టిక్, చెమట జాలీలో పేరుకుంటే స్పష్టత పోతుంది. గ్రిల్ విప్పి సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి, ఒక రోజంతా ఆరాకే బిగించండి. లోపల శబ్దాన్ని పట్టే క్యాప్సూల్‌కి నీళ్లు తగలకూడదు. నకిలీలు చాలా ఉన్నాయి, మరీ తక్కువ ధరకి దొరికితే కొనకండి. బిల్లు, వారంటీ ఇచ్చే అధీకృత డీలర్ దగ్గరే తీసుకోండి.

మెత్తగా, గుసగుసలా పాడే హుక్‌కి (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) మాత్రం ఇది చాలదు. బాగా సన్నటి, పైస్థాయి శబ్దాల్ని ఇది తక్కువగా పడుతుంది. ఆ ఒక్క ముక్కకి స్టూడియోలో గంట అద్దెకి తీసుకుని కండెన్సర్ మీద పాడండి.